చాడీలు చెప్పే నీటి ధార

వార్షిక సంచికకు ఏదైనా వ్రాసి ఇవ్వమని సంపాదక వర్గపు విద్యార్థులు కోరినప్పుడు, తెలుగు ఉపన్యాసకుడు ఏ ప్రబంధాన్ని గురించియో, ఏ పద్యాన్ని గురించియో వ్రాస్తాడని వారు అనుకొని ఉంటారు. మొదట మేమూ అట్లే అనుకొన్నాము. కాని కలము చేత పట్టగానే మా మనస్సులో మెదలినది పద్యము కాదు. ఒక పాత పడవ ఇంజను పక్కనుండి జారిన సన్నని నీటి ధార. ఆ ధారను అరనిమిషము చూచి నమ్మి, మేము ఒక కుటుంబానికి చేయబోయిన అపకారాన్నీ, అది తప్పిపోయిన విధాన్నీ ఇక్కడ చెప్పదలచాము. ఇందులో మాకు గొప్ప తెచ్చే విషయమేమీ లేదు. అయినా మనది సముద్రతీరపు ఊరు. మన విద్యార్థులలో రేవునుండి వచ్చేవారు ఉన్నారు. వారిలో ఒకరికైనా ఇది పనికివస్తే చాలును.

అది 2023 మే నెల. చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరమంతటా ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 రోజులు, మరపడవల వేటను ప్రభుత్వము నిలిపివేస్తుంది. ఆ రెండు నెలలూ బందరు గిలకలదిండి రేవులో పడవలు వరుసగా కట్టి ఉంటాయి. వలలు బాగుచేసుకొనేవారు, పడవలకు రంగు వేసుకొనేవారు, ఇంజన్లు విప్పి చూసుకొనేవారు తప్ప అక్కడ వేరే సందడి ఉండదు. అటువంటి రోజులలో ఒక సాయంత్రము మా ద్వితీయ సంవత్సరపు విద్యార్థి తండ్రి మా ఇంటికి వచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడి, ఎంత చెప్పినా కుర్చీలో కూర్చోలేదు.

"మాస్టారు గారూ, మా ఇంజను జనవరిలో పోయిందండీ. రేవులో పాత ఇంజను ఒకటి అమ్మకానికి ఉంది. ఎనిమిది గుర్రాలది. యాభై రెండు వేలంటున్నారు. సొసైటీలో అప్పు ఇస్తారు గానీ, ఉద్యోగస్తులెవరైనా హామీ సంతకం పెట్టాలంట. మీ మేనమామ గారు ఇంజన్ల మేస్త్రి గదా, ఒక్కసారి చూపించి, మీరు సరేనంటే..." అని ఆగిపోయాడు.

మేము ఆలోచిస్తూ, "ఇంజను జనవరిలో పోతే, నిషేధము వచ్చేవరకు వేటకు ఎట్లా వెళ్ళారు?" అని అడిగాము.

"వాడూ నేనూ తెడ్లేసుకునే పోయామండీ. రాత్రి పోయి తెల్లారి వచ్చేవాళ్ళం. వాడు మీకు చెప్పలేదా?"

మాకు నోట మాట రాలేదు. ఆ ఫిబ్రవరి, మార్చి నెలలలో ఆ విద్యార్థి సగము రోజులు తరగతికి రాలేదు. వచ్చిన రోజులలో వెనుక బల్లమీద కునికిపాట్లు పడేవాడు. ఒకనాడు మేము అందరి ఎదుట, "శ్రద్ధ లేనివారు చోటు ఖాళీ చేస్తే చదువుకొనేవారికి ఉపయోగపడుతుంది" అన్నాము. అతడు తల వంచుకొన్నాడే గాని బదులు చెప్పలేదు. ఆ మాట ఇప్పుడు మాకే తగిలినది. సిగ్గుతో కూడిన జాలి మనిషిని తొందరపెడుతుంది. "సంతకం మేము పెడతాము. రేపే వెళ్ళి ఇంజను చూద్దాము" అని అప్పటికప్పుడే మాట ఇచ్చివేశాము.

మరునాడు ఉదయము మా మామూజానును వెంటబెట్టుకొని రేవుకు వెళ్ళాము. మామూజాను నలభై ఏండ్లుగా నీటి పంపులు, పడవ ఇంజన్లు బాగుచేస్తున్న మేస్త్రి. చదివినది అయిదవ తరగతి. మాకు విశ్వవిద్యాలయపు ఎం.ఏ. పట్టము ఉన్నదని నలుగురిలో గొప్పగా చెప్పుకొంటారు గాని, పని దగ్గర మాత్రము మమ్ములను లెక్కచేయరు.

ఇక్కడ ఈ ఇంజను సంగతి కొంత చెప్పవలసి ఉన్నది. పడవ వెనుక చెక్కకు బయటి వైపున బిగించే ఈ ఇంజనును ఔట్‌బోర్డు మోటారు అంటారు. పైన ఇంజను, మధ్య పొడవాటి కాలు, అడుగున నీటిలో తిరిగే పంకా ఉంటాయి. రోడ్డుమీద తిరిగే లారీకి రేడియేటరు ఉంటుంది. అందులోని నీరే మరలమరల తిరిగి ఇంజనును చల్లబరుస్తుంది. ఈ రకపు ఇంజనుకు రేడియేటరు లేదు. తాను ఏ నీటిలో మునిగి ఉన్నదో ఆ నీటినే పీల్చి, ఒళ్ళు చల్లబరచుకొని, మరల ఆ నీటిలోనే వదలివేస్తుంది. పంకాకు కొంచెము పైన జల్లెడ వంటి చీలికలు ఉంటాయి. వాటిగుండా నీరు లోపలికి వస్తుంది. ఇంజనునుండి కిందికి దిగే నిలువు ఇరుసుకు ఒక రబ్బరు చక్రము అమర్చి ఉంటుంది. దానిని ఇంపెల్లరు అంటారు. పువ్వుకు రేకులవలె దానికి రబ్బరు రెక్కలు ఉంటాయి. ఇరుసు తిరిగినంతసేపూ ఆ రెక్కలు నీటిని సన్నని గొట్టముగుండా పైకి నెడతాయి. ఆ నీరు సిలిండర్ల చుట్టూ తిరిగి, వేడిని తీసుకొని, పొగతోపాటు కాలులోనుండి కిందికి పోతుంది. అందులో కొద్ది భాగము మాత్రము ఇంజను పక్కనున్న చిన్న రంధ్రమునుండి సన్నని ధారగా బయటికి కనబడుతుంది.

ఇంగ్లీషులో ఆ ధారను టెల్‌టేల్ అంటారు. అనగా చాడీలు చెప్పునది. మామూజానుకు ఇంగ్లీషు రాదు. అయినా ఎవరో చెప్పగా విని, దానికి చుగల్‌ఖోర్ అని పేరు పెట్టుకొన్నారు. ఉర్దూలో చుగల్‌ఖోర్, తెలుగులో చాడీకోరు: రెండు మాటలూ ఒకే తూకములో ఉన్నాయి. మనుషులలో చాడీకోరును ఎవరూ దగ్గరకు రానీయరు. పడవలో మాత్రము ఆ చాడీకోరు నోరు మూసుకొన్ననాడే భయపడవలెను.

ఇంజను అమ్మదలచిన పెద్దమనిషి దానిని తన పెరటిలో చెక్క చట్రానికి బిగించి ఉంచాడు. మేము వెళ్ళగానే ఉత్సాహముగా తాడు చుట్టి లాగాడు. రెండవ లాగుకే ఇంజను అందుకొన్నది. "వినండి, శబ్దం వినండి!" అన్నాడు. మా చెవికి అది బాగానే ఉన్నది.

"ఆపవయ్యా! ముందు ఆపు!" అని మామూజాను అరిచారు.

ఆయన కోపానికి కారణము తరువాత తెలిసినది. రబ్బరు రెక్కలు లోహపు గోడను రాసుకొంటూ తిరుగుతాయి. వాటి మధ్య జారుడును ఇచ్చేది నీరే. నీరు లేకుండా తిప్పితే కొద్ది క్షణాలలోనే రెక్కల అంచులు వేడెక్కి పాడవుతాయి. ఇంజను బాగున్నదని శబ్దము వినిపించబోయి, దానిని చల్లగా ఉంచే అవయవాన్నే కాల్చుకొన్నట్లు అవుతుంది. కనుక పొడిగా తిప్పి చూపే ఇంజనును చూడరాదు, తిప్పనీయరాదు. ఇది మేము నేర్చిన మొదటి పాఠము.

రెండువందల లీటర్ల డ్రమ్ము తెప్పించి, ఇంజను కాలును అందులోనికి దించారు. పంకాకు పైన ఉండే బల్లపరుపు రేకు మునిగి, దానిపైన మరి నాలుగు వేళ్ళ ఎత్తువరకు నీరు పోశారు. గేరు న్యూట్రల్‌లో ఉన్నదని చేతితో కదిపి చూచుకొన్నారు. పైమూత తీశారు. "మీద చక్రం తిరుగుతుంది. ఆ కండువా తీసి దూరంగా పెట్టు" అని మమ్ములను హెచ్చరించి, అప్పుడు తాడు లాగారు.

ఇంజను తిరుగుతున్నది. రంధ్రమునుండి చుక్క నీరు రాలేదు. మామూజాను పెదవులు కదుపుతూ ఇరవై లెక్కపెట్టి ఆపివేశారు. అమ్మేవాని ముఖము చిన్నబోయినది. "ఆరు నెలలనుంచి మూల ఉంది గదండీ, మట్టి అడ్డంపడి ఉంటుంది" అంటూ సన్నని తీగ తెచ్చి రంధ్రములో పొడిచాడు. మరల తాడు లాగారు. ఈసారి నాలుగైదు క్షణాలకే ధార వచ్చినది. అల్లిక సూది లావున, ఉదయపు ఎండలో మెరుస్తూ డ్రమ్ము అంచును దాటి పడినది. మా పక్కన తండ్రి ముఖము వికసించినది. వెనుక నిలబడిన కుమారుడు మొదటిసారిగా మా వైపు చూచాడు.

"అల్‌హందులిల్లాహ్, వచ్చింది!" అని మేము జేబులోని కలము తీశాము. హామీ కాగితము మా చేతిలోనే ఉన్నది.

మామూజాను మా వైపు తిరగకుండానే అన్నారు: "బేటా, కలం జేబులో పెట్టు. చుగల్‌ఖోర్ ఇప్పుడే నోరు తెరిచింది. అది చెప్పేదంతా విననీ."

ఆయన ఇంజను వేగము కొద్దిగా పెంచారు. "వేగం పెరిగితే ధార బలం పెరగాలి. చూడు, పెరిగిందా?" ధార కొంచెము పెరిగి, వెంటనే పిచికారీవలె తెగితెగి పడినది. ఆ వంక చూపిస్తూ ఆయన మరొక సంగతి చెప్పారు. ఆ రంధ్రము కొన్ని ఇంజన్లలో నీరు సిలిండర్లను చుట్టిన తరువాత ఉంటుంది. కొన్నింటిలో చుట్టకముందే ఉంటుంది. ముందే ఉన్నచోట, లోపల మాడిపోతున్నా ధార చల్లగా, అందముగా పడుతూనే ఉంటుంది. అనగా ధార చెప్పే సాక్ష్యము ఇంతే: పంపు నీటిని పైకి ఎక్కిస్తున్నది. ఆ నీరు చేరవలసిన చోటికల్లా చేరినదా అన్నది వేరే ప్రశ్న. దానిని ఇంజనునే అడగవలెను.

ఎట్లా అడగవలెనో కూడా చూపించారు. అయిదు నిమిషాలు గడిచాక చేతి వేళ్ళు తడిపి సిలిండరు తలపైన చుక్కలు చల్లారు. చుక్కలు మెల్లగా పరచుకొని ఆరినవి. "ఇంకా ఆగు" అన్నారు. ఎనిమిదవ నిమిషానికి ధార సన్నబడినది. దానినుండి ఆవిరి వంటిది లేచినది. వేలు పెట్టి చూస్తే చురుక్కుమన్నది. ఆయన మరల నీళ్ళు చల్లారు. చుక్కలు పెనంమీద పడినట్లు చుయ్‌మని ఎగిరిపోయినవి. ఇంజను ఆపివేశారు.

పెరడంతా నిశ్శబ్దమైనది. మా చేతిలోని కాగితము మడత పెట్టుకొన్నాము. అరనిమిషము ధారను చూచి సంతకము చేసి ఉంటే ఏమయ్యేదో ఆ నిశ్శబ్దములో మాకు తెలిసివచ్చినది. రేవునుండి మొగదాటి సముద్రంలోనికి వెళ్ళేసరికే ఎనిమిది నిమిషాలు కంటే ఎక్కువ పడుతుంది. అక్కడ, ఒడ్డు కనబడని చోట, వేడికి పిస్టను సిలిండరులో పట్టుకొనిపోతే ఇంజను రాయితో సమానము. పడవలో ఉండేది తండ్రీ కొడుకులు. అప్పు సొసైటీది. హామీ మాది. కాని ప్రాణాలకు ఎవరు హామీ?

మధ్యాహ్నము ఇంజను కాలు విప్పారు. ఆరు రెక్కలుండవలసిన ఇంపెల్లరుకు నాలుగే ఉన్నాయి. ఆ నాలుగూ ఒకే వైపునకు వంగి, గట్టిపడి ఉన్నాయి. చాలాకాలము తిప్పకుండా ఉంచితే రబ్బరు వంగిన తీరునే ఉండిపోతుందట. "పోయిన రెండు రెక్కలూ ఎక్కడికి పోయాయో చూడకుండా కొత్తది వేస్తే పని సగమే" అని మామూజాను గొట్టము తీసి ఊదారు. ఒక ముక్క అక్కడే ఉన్నది. రెండవది పైకి కొట్టుకొనిపోయి సిలిండరు తల మూత కింద నీటిదారిలో ఇరుక్కొన్నది. ఆ దారులలో తెల్లగా ఉప్పు పేరుకొని ఉన్నది. థర్మోస్టాట్ అనే చిన్న తలుపు ఒకటి ఉంటుంది. ఇంజను చల్లగా ఉన్నంతసేపూ మూసుకొని, వెచ్చబడగానే తెరుచుకొని నీటికి దారి ఇవ్వవలెను. దానిని దారానికి కట్టి గిన్నె నీళ్ళలో వేలాడదీసి పొయ్యిమీద పెట్టారు. నీళ్ళు తెర్లినా అది తెరుచుకొనలేదు.

అమ్మదలచినవానిని మేము మోసగాడని అనుకొన్నాము. ఆ మాట పైకి అనకపోవుట మంచిదైనది. అతడు ఆ ముక్కలను అరచేతిలో పెట్టుకొని చాలాసేపు చూచి, "నేను రోజూ ఆ ధార చూసుకునే పోయానండీ" అన్నాడు. మమ్ములను మోసగించిన ధారే అతనినీ మోసగించినది. రేవు మొగలో మేట వేసిన ఒండ్రు, ఇసుక రెక్కలను అరగదీస్తాయి. వేట ముగిశాక మంచినీటిలో ఒక పది నిమిషాలు తిప్పకుండా మూల పెడితే లోపల నిలిచిన ఉప్పునీరు ఆరి గట్టిపడుతుంది. ఈ రెండూ అతనికి తెలియక జరిగినవే.

బేరము మరల మొదలైనది. యాభై రెండు వేలు నలభై నాలుగు వేలకు దిగినది. రెండు సిలిండర్ల ఒత్తిడిని మామూజాను కొలిచి చూచారు. రెండూ సమానముగా ఉన్నాయి గనుక లోపల గీతలు పడలేదనీ, బాగుచేస్తే దండుగ కాదనీ తేల్చారు. ఇంపెల్లరు, థర్మోస్టాట్, గాస్కెట్లు విశాఖపట్నమునుండి బస్సు పార్సెలులో వచ్చాయి. అయిదు వేలు అయినది. ఉప్పు పట్టిన భాగాలను సిర్కాలో నానబెట్టి, బ్రష్షుతో కడిగే పని ఆ విద్యార్థి చేశాడు. కొత్త ఇంపెల్లరుకు సబ్బునీరు రాసి, ఇరుసును అది తిరిగే వైపునకే త్రిప్పుతూ గూటిలోనికి దించడము మామూజాను అతని చేతనే చేయించారు. "రెక్కలు తిరిగే దిక్కుకు వెనక్కి వాలాలి. ఎదురు తిప్పావో, విరుగుతాయి" అన్నారు. అతడు ఒకసారి చెప్పగానే చేశాడు. శ్రద్ధ లేనివాడని మేము అన్నది ఆ కుర్రవానినే.

మరల డ్రమ్ము పరీక్ష పెట్టారు. ఈసారి అరగంట. డ్రమ్ములోని నీరే వేడెక్కి మనలను తికమక పెట్టకుండా, మధ్యలో రెండుసార్లు కొత్తనీరు పోశారు. ధార తెగలేదు, సన్నబడలేదు. వేగము పెంచినకొద్దీ దూరము పడినది. వేలికి గోరువెచ్చగా తగిలినది. సిలిండరు తలపై చల్లిన నీళ్ళు చుయ్‌మనలేదు. మామూజాను తాడు చుట్టిపెట్టి, చేతులు తుడుచుకొని, "ఇప్పుడు తీయి నీ కలం" అన్నారు. అప్పుడు సంతకము చేశాము. కూలి ఎంతని తండ్రి అడిగితే, "నీ కొడుకు డిగ్రీ పాసైన రోజున స్వీటు పట్టుకురా" అన్నారు.

పాత ఇంజను కొనబోయే వారెవరైనా ఈ సంచిక చదివితే, మామూజాను పద్ధతిని ఇట్లా గుర్తుంచుకొనవచ్చును. పొడిగా తిప్పనీయవద్దు. నీటి చీలికలు పూర్తిగా మునగవలెను. ఇంజను అందుకొన్న కొద్ది క్షణాలలో ధార రావలెను. అరనిమిషానికీ రాకపోతే ఆపివేసి, రంధ్రములో సన్నని తీగ పొడిచి చూడవలెను. అప్పటికీ రాకపోతే ఇంపెల్లరును విప్పవలెను. ధార వచ్చినదని లేచిపోవద్దు. పది, పదిహేను నిమిషాలు దానితో కూర్చొనవలెను. బలము చూడవలెను, వేడి చూడవలెను, సిలిండరు తలపై నీళ్ళు చల్లి చూడవలెను. ఇంపెల్లరు ఎప్పుడు మార్చారని అడిగి, జవాబు లేకపోతే దాని ఖరీదును ముందే లెక్కలో వేసుకొనవలెను. కొన్న తరువాత ఉప్పునీటినుండి వచ్చిన ప్రతిసారీ మంచినీరు తాగించవలెను.

జూన్ 15వ తేదీన ఫజర్ నమాజు ముగించుకొని మేము రేవుకు వెళ్ళాము. ఇంకా చీకటి విడలేదు. ఒకదాని వెనుక ఒకటిగా పడవలు కదులుతున్నాయి. తండ్రి తాడు లాగగానే, కుమారుడు సముద్రము వైపు గాని, మా వైపు గాని చూడలేదు. చేతిలోని టార్చిలైటును ఇంజను పక్కకు వేసి, వంగి చూచాడు. వేలు పెట్టి చూచాడు. అప్పుడు లేచి నిలబడి, "పోస్తోంది సార్!" అని కేక వేశాడు. పడవ మలుపు తిరిగేవరకు మేము అక్కడే నిలబడి ఉన్నాము.

విద్యార్థి మిత్రులారా, ఆ రోజునుండి మా తరగతిలో ఒక మార్పు వచ్చినది. మీలో కొందరు గమనించే ఉంటారు. పాఠము ముగిశాక "అర్థమైనదా?" అని మేము అడుగుతాము. "అర్థమైంది సార్" అని మీరు ఒక్క గొంతుతో అంటారు. పది సంవత్సరాలుగా మేము ఆ ధారను చూచి పుస్తకము మూసి వెళ్ళిపోయేవాళ్ళము. హాజరు పట్టీలో గుర్తు పడినదా లేదా చూచేవాళ్ళమే గాని, గుర్తు పడని రోజున ఆ పిల్లవాడు ఎక్కడ ఉన్నాడని అడిగినవాళ్ళము కాము. ఇప్పుడు మరి కొంతసేపు కూర్చొంటున్నాము. రెండవ ప్రశ్న, మూడవ ప్రశ్న అడుగుతున్నాము. విసుగు కలిగితే మన్నించండి.

ఆ విద్యార్థికి మేము తరగతిలో అందరి ఎదుట అన్న మాటను, మరుసటి సంవత్సరము మొదటి రోజున అందరి ఎదుటనే వెనుకకు తీసుకొన్నాము. అతడు అప్పుడూ తల వంచుకొనే ఉన్నాడు. కాని ఈసారి నవ్వుతున్నాడు. అతడు ఆ తరువాత డిగ్రీ పూర్తిచేశాడు. మామూజానుకు స్వీటు అందినది.